ఇంట్లో నిద్ర పరీక్ష: గుండె లయ తప్పినవారు ఆ అంకెను ఎలా చదవాలి?

నమస్కారం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పైగదుల లయ తప్పే జబ్బు, ఉన్నవారు ఇంట్లోనే నిద్ర పరీక్ష చేయించుకొని, "నార్మల్ వచ్చింది, స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగి ఆగి వచ్చే జబ్బు) లేనట్టే" అని నిశ్చింతగా ఉండిపోవడం మా పర్లాకిమిడిలో తరచూ చూస్తున్నాను. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

నిద్రలో శ్వాస గంటకు సగటున ఎన్నిసార్లు ఆగిందో, తగ్గిందో చెప్పేదే ఆ పరీక్ష ఇచ్చే అంకె. అది ఎలా తప్పుదారి పట్టిస్తుందో చూడటానికి మన నౌపడ–గుణుపురం బండినే తీసుకుందాం. అది గంటకు ఎన్నిసార్లు ఆగిందో లెక్క కట్టేటప్పుడు, బయలుదేరక ముందు నౌపడలో నిలబడి ఉన్న సమయాన్ని కూడా ప్రయాణంలో కలిపేస్తే, సగటు తక్కువగా కనిపిస్తుంది. ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి ఆక్సిజన్ క్లిప్పు ఉండే ఇంటి పరికరాలలో చాలావాటికి మెదడు తరంగాలను చూసే తీగలు ఉండవు కనుక, మనిషి ఎప్పుడు నిద్రపోయాడో వాటికి తెలియదు; యంత్రం నడిచిన గంటలతోనే భాగిస్తాయి. యంత్రం 8 గంటలు నడిచి, నిద్ర 5 గంటలే పట్టి, శ్వాస 35 సార్లు ఆగడమో తగ్గడమో జరిగిందనుకోండి: 8తో భాగిస్తే సుమారు 4.4, 5తో భాగిస్తే 7. గంటకు 5 అన్నది హద్దు కాబట్టి, మొదటి లెక్కలో జబ్బు లేదు, రెండవ లెక్కలో ఉంది. గుండెదడతో తెల్లవార్లూ దొర్లేవారికి ఇది చిన్న తేడా కాదు.

మణికట్టుకు కట్టి వేలికి తొడిగే మరో రకం పరికరం శ్వాసను నేరుగా చూడదు. నాడి వేగం, వేలి రక్తనాళాలు ముడుచుకునే తీరు, ఆక్సిజన్, వీటిని బట్టి అంచనా కడుతుంది. కళ్లు మూసుకొని, చక్రాల చప్పుడు విని బండి ఆగిందని చెప్పడం వంటిదే ఇది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఆ చప్పుడు లయే చెదిరి ఉంటుంది. అందుకే మొదట్లో ఇలాంటి రోగులను ఆ పరీక్షకు దూరంగా ఉంచారు. ఆ తరువాత లెక్క పద్ధతిని మెరుగుపరచి, వీరిలోనూ సరిచూశారు. మీ చేతికి ఇచ్చిన పరికరం అలా సరిచూసినదేనా అని అడగండి, మొహమాటపడవద్దు.

సమయం దగ్గర పడుతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. ఈ రోగులలో చాలామందికి పగటి నిద్రమత్తు ఉండదు కాబట్టి, మత్తు లేదని పరీక్షను వదిలేయకూడదు. బండి ఒక రోజు నడిచినట్టు మరో రోజు నడవదు. శ్వాస కూడా రాత్రికొక రకంగా ఉంటుంది కాబట్టి అనుమానం మిగిలితే మళ్లీ చేయించాలి. గుండె వైఫల్యం కూడా ఉన్నవారిలో, గొంతు మూసుకోకుండానే మెదడు ఆజ్ఞ ఆగి శ్వాస నిలిచే రకం కనిపిస్తుంది. వారికి ల్యాబ్‌లో రాత్రంతా చేసే పూర్తి నిద్ర పరీక్ష (పాలీసోమ్నోగ్రఫీ) అవసరం. ఇంటి పరీక్ష రిపోర్టు చేతికి వచ్చాక అంకె ఒక్కటే కాక, యంత్రం నడిచిన గంటలెన్నో చూసి, మీరు నిజంగా నిద్రపోయినవి ఎన్నో డాక్టరుగారికి చెప్పండి.