బంతి వేరు చేసే పని

శ్రోతలకు నమస్కారం.

మిట్టమధ్యాహ్నం వంగతోటకు వెళ్లి చూడండి. నిన్ననే నీరు పెట్టారు, సాళ్లలో ఇంకా తడి ఆరలేదు. అయినా తోట మధ్యలో ఓ పది పదిహేను మొక్కలు తలలు వాల్చేసి ఉంటాయి. చుట్టూ ఉన్నవి మాత్రం నిక్షేపంగా ఉంటాయి. సాయంత్రం చల్లబడేసరికి వాడినవీ తేరుకుంటాయి. మర్నాడు మళ్లీ అదే వరస. కొన్ని వారాలు గడిచేసరికి ఆకు పసుపెక్కుతుంది, కాయ గిడసబారుతుంది, వాడిన మొక్కల గుంపు కాస్త పెద్దదవుతుంది.

రైతు ఊరుకోడు కదా! ముందు యూరియా చల్లుతాడు. ఫలితం ఉండదు. జింకు లోపమేమోనని జింకు కొడతాడు. ఫలితం ఉండదు. ఒక కొమ్మ విరిచి సంచిలో పెట్టుకుని మందుల దుకాణానికి వెళతాడు. అక్కడాయన ఆకును అటూ ఇటూ తిప్పి చూసి ఒక సీసా చేతిలో పెడతాడు. ఇంతమంది ఇన్నిసార్లు ఆకు చూశారు. వేరు చూసినవాళ్లు లేరు.

ఈ పది నిమిషాల్లో నేను చెప్పదలచుకున్నది ఇదే. వేరు చూడండి.

చూడటానికీ ఒక పద్ధతి ఉంది. మొక్కను పట్టుకుని లాగకూడదు. లాగితే పిల్లవేళ్లన్నీ తెగి మట్టిలోనే ఉండిపోతాయి. మనం చూడవలసినవి అవే. మొదలుకు జానెడు దూరంలో పార దించి, మట్టిపెళ్లతో సహా పెకలించి, బకెట్ నీళ్లలో ముంచి మెల్లగా ఆడించండి. మట్టి జారిపోయాక వేరు సన్నగా, తిన్నగా, ఒకే మందంతో కనిపిస్తే సరే. అలా కాకుండా వేరు పొడవునా ఆవగింజంత, శనగగింజంత ఉబ్బులు కనిపిస్తే, అది వేరుబుడిపె నులిపురుగు పని. నులిపురుగంటే నేలలో ఉండే, కంటికి ఆనని సన్నటి పురుగు, ఇంగ్లీషులో నెమటోడ్ అంటారు.

ఇక్కడ పప్పుజాతి రైతులు ఒక్క క్షణం ఆగాలి. కంది, శనగ, మినుము, పెసర, వేరుశనగ వేళ్లకు బుడిపెలు ఉండనే ఉంటాయి. అవి మంచివి, గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చేవి. తేడా తెలుసుకోవడానికి గోరు చాలు. మంచి బుడిపె వేరుకు పక్కన అంటుకుని ఉంటుంది, గోటితో గీకితే ఊడి వస్తుంది, చిదిమితే లోపల గులాబీ రంగు. నులిపురుగు బుడిపె ఊడదు. ఎందుకంటే అక్కడ ఉబ్బింది అసలు వేరు, దానికి అంటుకున్నది మరేదీ లేదు.

ఆ ఉబ్బు లోపల ఏం జరుగుతుందో చెబుతాను. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. మట్టిరేణువుల మధ్య ఉన్న తేమలో పాకుతూ వేరు కొనను వెదుక్కుంటుంది. లోపలికి దూరి, నీరు పారే నాళాల పక్కన చోటు చూసుకుంటుంది. తన లాలాజలంతో అక్కడి కణాలు కొన్నింటిని ఎన్నో రెట్లు పెద్దవిగా ఉబ్బిస్తుంది. ఆడపురుగైతే ఇక కదలదు. వంటింట్లోనే మంచం వేసుకున్న చుట్టంలాగా ఆ కణాల పక్కనే ఉండి, పీల్చుకుంటూ, ఒళ్లు గుండ్రంగా పెంచి, జిగురు ముద్దలో 200 నుంచి 500 దాకా గుడ్లు పెడుతుంది. మన ప్రాంతపు వేడికి నెల తిరగకుండా ఒక తరం పూర్తవుతుంది. ఒక్క వంగ పంట కాలంలో ఎన్ని తరాలో మీరే లెక్కవేసుకోండి.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పి ముందుకు వెళతాను. 1855లో ఇంగ్లండులో బెర్క్‌లీ అనే శాస్త్రజ్ఞుడు దోస వేళ్ల మీద ఈ బుడిపెలను గుర్తించాడు. మన దేశంలో 1901లో బార్బర్ దక్షిణాదిలోని ఒక తేయాకు తోటలో గమనించాడు. ఈ రెండింటి మధ్యలో, 1892లో, అమెరికాలో అట్కిన్సన్ చెప్పిన మాట మాత్రం మనకు చాలా ముఖ్యం. పత్తిలో ఈ నులిపురుగు ఉన్నచోట ఎండుతెగులు మరింత ఉధృతంగా వస్తోందని ఆయన గమనించాడు. పురుగు చేసిన గాయం గుండా ఆ తెగులు తెచ్చే శిలీంధ్రం, అంటే బూజు, లోపలికి పోతుంది, పురుగు తిన్న వేరు దాన్ని ఆపలేదు. తెగులుకు మందు కొడుతూనే ఉంటాం, తలుపు తీసినవాణ్ణి వదిలేస్తాం.

ఇసుక నేలలంటే ఈ పురుగుకు ప్రాణం. ఒంగోలు దగ్గర నుంచి నెల్లూరు దాకా సముద్రం వెంబడి ఉన్న తేలిక నేలల్లో కూరగాయలు పండించేవాళ్లు, పొగనారు పోసేవాళ్లు దీన్ని దృష్టిలో పెట్టుకోవాలి. నారుమడిలో పురుగు పడితే నారుతో పాటు కొన్నవాళ్ల పొలాలకూ ప్రయాణం కడుతుంది. నెల్లూరు డెల్టాలో వరికీ ఒక వేరుబుడిపె నులిపురుగు ఉంది. అది పట్టిన వేరు కొన కొక్కెంలా వంగిపోతుంది. దమ్ము చేసి నీరు నిలగట్టిన మడిలో కొంత అదుపులో ఉంటుంది, వెదజల్లిన వరిలో పేట్రేగుతుంది. పొదలకూరు వైపు నిమ్మతోటల వాళ్లకు ఇంకో గుర్తు చెబుతాను. నిమ్మకు వచ్చే నులిపురుగు బుడిపెలు కట్టదు. పిల్లవేరును ఎంత దులిపినా మట్టి వదలకపోతే అనుమానించండి. ఆడపురుగుల జిగురుకు మట్టి అంటుకుపోయి ఉంటుంది.

ఇక నాకు ఇష్టమైన విషయానికి వస్తాను. బంతి.

సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టే బంతి, గుమ్మానికి తోరణం కట్టే బంతి, పుట్టింది మెక్సికో ప్రాంతంలో. ఇంతగా మనదైపోయిన పరాయి మొక్క మరొకటి నాకు తోచదు, మిరపను పక్కన పెడితే. 1947లో అమెరికాలో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు బంతి రేకుల్లోంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. అతినీలలోహిత కాంతిలో పెడితే అది నీలంగా మెరుస్తుంది. పేరు ఆల్ఫా టెర్థియెనిల్. వాళ్లకు రంగు మీద ఆసక్తి, పురుగుల సంగతి వాళ్లు వెదకలేదు.

ఆ తర్వాత కథ హాలెండుకు మారింది. అక్కడ పూలదుంపల సేద్యం పెద్ద వ్యాపారం. నార్సిసస్ అనే పూలమొక్క వేళ్లు కుళ్లిపోతున్నాయి, కారణం నులిపురుగులు. అయితే బంతి వేసిన నేలలో ఆ తర్వాత వేసిన దుంపలకు ఈ బాధ తక్కువగా ఉందని 1950లలో గమనించారు. ఎందుకు తక్కువ? బంతి వేళ్లను తెచ్చి పిండి, వడగట్టి, వెదికారు. 1958లో దొరికింది. ఏమిటది? పదకొండేళ్ల కిందట రేకుల్లో దొరికిన ఆ నీలిమెరుపు పదార్థమే! పూవులో ఉన్నదే వేరులోనూ ఉంది, నులిపురుగును చంపేది అదే. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

పొలంలో ఇది పనిచేసే తీరు చిత్రంగా ఉంటుంది. పిల్లపురుగు బంతి వేరును చూసి పారిపోదు. మామూలు వేరు అనుకుని లోపలికి దూరుతుంది. దూరాక ఎదగలేదు, గుడ్డు పెట్టే దశకు చేరదు.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతోంది. గట్టు మీద నాలుగు బంతి మొక్కలు నాటి, నులిపురుగు పోవాలంటే పోదు. బంతి పని వేరు చుట్టూ, అదీ బతికి ఉన్న వేరు చుట్టూ. అందుకే పురుగు ఉన్న పొలం చెక్క అంతటా, ఒత్తుగా, కనీసం రెండు నెలలకు పైగా బంతి ఉండాలి. ఆ తర్వాత వంగ గానీ టమాటా గానీ వేసుకోవచ్చు. బంతి మధ్య కలుపు ఉండకూడదు. కామంచి, అడవి తోటకూర లాంటివి నాలుగు మొలిస్తే చాలు, పురుగు వాటి వేళ్లలో హాయిగా కాపురం చేస్తుంది. కలుపు తీయని బంతి పూలకు పనికొస్తుందేమో గానీ మన పనికి రాదు. అన్ని రకాల నులిపురుగుల మీదా బంతి ఒకేలా పనిచేయదన్నదీ నిజమే. అయినా దసరాకో కార్తీకానికో పూలు కోతకు వచ్చేలా వేసుకుంటే నేల ఖాళీగా ఉంచిన నష్టం ఉండదు. పూలకు ధర పలికినా పలకకపోయినా వేరు తన పని తాను చేస్తుంది.

మిగిలినవి గబగబా చెబుతాను. వేపపిండి దుక్కిలో ఎకరాకు 200 కిలోల దాకా వేయవచ్చు. జనుము పచ్చిరొట్టగా మనకు తెలిసిందే, దానికీ ఈ పురుగును తగ్గించే గుణం ఉంది. ఎండుతెగులు కూడా ఉన్నచోట తెగులు శిలీంధ్రాన్ని అణచే మంచి శిలీంధ్రం ట్రైకోడెర్మా విరిడిని రెండు కిలోలు తీసుకుని 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, వారం పది రోజులు నీడలో తడి ఆరకుండా ఉంచి చల్లండి. నారుమళ్లకైతే మే నెల ఎండను వాడుకోండి. మడిని తడిపి, అవతలివి కనిపించే పలుచని తెల్ల ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచులు మట్టిలో కప్పి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల పట్టా వద్దు, ఎండ లోపలికి దిగదు.

ఔషధ మొక్కలు సాగు చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. మందు మొక్కకు రోగం ఏమిటి అనుకుంటాం. అశ్వగంధ, తులసి, కోలియస్, ఈ మూడింటికీ వేరుబుడిపె నులిపురుగు పడుతుంది. కోలియస్‌లో మనం అమ్మేదే దుంపవేరు కాబట్టి దెబ్బ నేరుగా జేబు మీద.

గుళికలు చల్లితే పోదా అని అడుగుతారు. నులిపురుగు మందుల చరిత్ర అంత శుభ్రమైనది కాదండీ. 1977లో అమెరికాలో డీబీసీపీ అనే మందు తయారుచేసిన కార్మికుల్లో పలువురికి సంతానం కలగడం లేదని బయటపడింది. మన దేశంలో ఫోరేట్ గుళికలను 2020 చివరి నుంచి నిషేధించారు. ఏ మందైనా రోగం తేలాకే, వ్యవసాయాధికారి చెప్పిన మోతాదులోనే వాడాలి.

తేల్చుకోవడం ఎలా? దర్శిలోనూ నెల్లూరులోనూ కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడిగినా మట్టి ఎక్కడికి పంపాలో చెబుతారు. చచ్చిన మొక్క కింద మట్టి తీయకండి, అక్కడ తిండి లేక పురుగు తగ్గిపోయి ఉంటుంది. ఇప్పుడిప్పుడే వాడుతున్న మొక్కల దగ్గర, జానెడు లోతున, పిల్లవేళ్లతో సహా నాలుగైదు చోట్ల తీసి కలిపి, అరకిలో ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టండి. ఎండబెట్టకండి, బండి మీద ఎండలో వదలకండి. పరీక్షలో తడి కాగితం మీద మట్టి పరిచి, పురుగు తనంత తాను కాగితం దాటి కిందున్న నీళ్లలోకి దిగేదాకా చూస్తారు. ఎండకు చచ్చిన పురుగు దిగదు, పరీక్ష ఫలితంలో సున్నా వస్తుంది. సంచికి కట్టే చీటీ మీద పొలం, ఇప్పటి పంట, అంతకు ముందటి పంట రాయండి. పెన్సిలుతో రాయండి, తడికి సిరా చెరిగిపోతుంది.

నమస్కారం.