ప్రవాహం పెరిగింది సరే, ఎక్కడికి వెళ్లింది?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలచుకోవాలని ఉంది గానీ, నాకు ఇచ్చింది పదిహేను నిమిషాలే. అందులో ఎక్కువ భాగం ఒక కుందేలుకు ఇవ్వదలచుకున్నాను.

నేను ఫార్మకాలజీలో, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చదివే శాస్త్రంలో, చేరిన కొత్తలో మా ప్రయోగశాలలో లాంగెన్‌డార్ఫ్ పరికరం ఉండేది. 1895లో ఆస్కార్ లాంగెన్‌డార్ఫ్ జర్మనీలో చూపిన పద్ధతి. వేరుచేసిన గుండెకు బృహద్ధమని దగ్గర గాజు గొట్టం కట్టి, ఆక్సిజన్ కలిపిన వెచ్చని లవణద్రవం పైనుంచి వదులుతారు. కవాటం మూసుకుంటుంది కనుక ద్రవం గుండె కండరానికే రక్తమిచ్చే కరొనరీ ధమనుల్లోకి మళ్లి, కండరమంతా తిరిగి, కింద చుక్కలుగా రాలుతుంది. ఆ చుక్కలు లెక్కపెట్టడం నా పని. ఒక రోజు కుందేలు గుండెకు నాళాలను సడలించే నైట్రైట్ మందు ఎక్కించగానే చుక్కలు ధారగా మారాయి. సంబరంతో గురువుగారిని పిలిచాను. ఆయన వంగి చూసి, "ప్రవాహం పెరిగింది సరే, ఎక్కడికి వెళ్లింది నాయనా?" అన్నారు.

ఆ ప్రశ్న కోసమే ఇవాళ ఇక్కడికి వచ్చాను.

గుండె నాళాలను విప్పార్చే డైపిరిడమోల్ అనే మందు సంగతి తీసుకోండి. కుక్కల గుండెలో రక్తప్రవాహాన్ని ఎన్నో రెట్లు పెంచింది. 1960లలో ఆంజైనాకు, అంటే గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పికి, వాడారు. రోగులకు ఆశించిన ఉపశమనం దొరకలేదు. నరంలోకి ఎక్కిస్తే కొందరికి నొప్పి వచ్చింది కూడా. కాలువ కింద సేద్యం చేసినవారికి ఇది చెప్పనక్కర్లేదు. పూడిక వల్ల నీరందని శివారు రైతు తన తూము ఎప్పుడో బార్లా తెరిచి ఉంచాడు. మందు వచ్చి పైపొలాల తూములన్నీ తెరిచింది. కాలువలో నీరు పెరిగింది, శివారుకు చేరే ఆ కాస్తా పోయింది! గుండెలో బాగున్న భాగం ఇలా రక్తం చాలని భాగం వాటాను లాక్కోవడాన్నే కరొనరీ స్టీల్, అంటే దొంగతనం, అంటారు. నైట్రోగ్లిజరిన్ తీరు వేరు: సిరలను, పెద్ద ధమనులను సడలించి గుండె మీది భారమే తగ్గిస్తుంది.

జంతువు మారితే జవాబూ మారుతుంది. గినీపంది గుండెలో పక్కదారి నాళాలు ఎంత దట్టమంటే, ఒక ధమని మూసినా కండరం చావదు. పందిలో అవి దాదాపు లేవు. కుక్కది మధ్యరకం. విద్యార్థులారా, ఏ జంతువో, గుండెలో ఏ భాగమో చెప్పకుండా "ప్రవాహం పెరిగింది" అని రాయకండి. మళ్లీ చెబుతున్నాను, రాయకండి.

ఆంజైనాకు ఓడిన ఆ డైపిరిడమోలే తర్వాత పరీక్షగా పనికొచ్చింది. 1974లో లాన్స్ గూల్డ్ బృందం కుక్కల కరొనరీ ధమనిని కొద్దికొద్దిగా బిగించి చూసింది. ధమని అడ్డుకొలత 85 శాతం కుంచించుకుపోయేదాకా విశ్రాంతి ప్రవాహం తగ్గలేదు. నాళాలను పూర్తిగా విప్పార్చినప్పుడు మాత్రం 30 నుంచి 45 శాతం దగ్గరే లోపం బయటపడింది. ఇవాళ డైపిరిడమోల్ గానీ, అలాగే నాళాలను విప్పార్చే అడినోసిన్ గానీ ఇచ్చి గుండె స్కాన్ తీయడం వెనుక ఉన్నది ఆ కుక్కలే. అడినోసిన్ అనగానే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకొస్తారు: తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఆయన, అడినోసిన్ భాగంగా ఉండి కణాలకు శక్తినిచ్చే ఏటీపీని వెల్లడించిన 1929లోనే, అడినోసిన్ కరొనరీ నాళాలను విప్పారుస్తుందని డ్రూరీ, సెంట్-జార్జి అనే శాస్త్రవేత్తలు జంతువుల్లో చూపారు.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. ఒక్క నిమిషం. పొగపట్టిన కాగితం మీద గీసి, లక్క పూత పూసి దాచిన మా రికార్డులన్నీ భవనం మారేటప్పుడు తూకానికి అమ్మేశారు. ఎన్ని ప్రాణాలు ఇచ్చిన గీతలవి! ఇదిగో, ఇదొక్కటే నా దగ్గర మిగిలింది. వెనుక వరుసవారు ముందుకు రండి. ఈ మూల దగ్గర చుక్కల గీతలు ఒత్తుగా మారాయే, అక్కడే నైట్రైట్ ఎక్కించాను.