చల్లారనివ్వండి

శ్రోతలందరికీ నమస్కారం.

పాలకొల్లులో మా మేనమామకి క్రాంక్ గ్రైండింగ్ షాపు ఉండేది. అదేం పని అని అడిగేవాళ్ళు ఊళ్ళో తక్కువ. ట్రాక్టరున్న రైతుకీ, లారీ ఓనరుకీ, ఆయిల్ ఇంజను మీద రైసుమిల్లు ఆడించిన పాతకాలపు వాళ్ళకీ ఏదో ఒకరోజు ఆ గుమ్మం ఎక్కక తప్పేది కాదు. ఇంజను లోపల పిస్టన్ల ఆటని తిరుగుడుగా మార్చే ఇరుసు, అదే క్రాంక్ షాఫ్టు, ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి బేరింగు కూర్చునే చోట అరిగిపోతుంది. అదైనా గుండ్రంగా అరగదు, కోడిగుడ్డులా అరుగుతుంది. అప్పుడు దాన్ని గ్రైండింగ్ మిషన్ మీద ఎక్కించి, 10 థౌ తీసి, మళ్ళీ గుండ్రం చేసి, 10 థౌ అండర్ సైజు బేరింగులు వేస్తారు. ఇంకో నాలుగేళ్ళకి 20 థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం ఇంచుమించు మూడు థౌలుంటుంది.

వేసవి సెలవుల్లో నన్ను అక్కడ వదిలేసేవారు. షాఫ్టుని అరగదీసే సానరాయి తిరుగుతుంటే, పలచటి మజ్జిగలాంటి సోపాయిల్ నీళ్ళు దాని మీద ధారగా పడుతుంటే, ఎంతసేపైనా చూస్తూ నిలబడేవాణ్ణి. కొత్త రాయి ఎక్కించే ముందు మామయ్య దాన్ని వేలికి తగిలించి, సుత్తి చెక్కపిడితో నెమ్మదిగా కొట్టి వినేవాడు. సంతలో మా అమ్మమ్మ కుండ కొన్నట్టే. ఖంగుమంటే మంచి రాయి. బొదబొదమంటే లోపల పగులుందని అర్థం. పగులున్న రాయిని ఆ వేగంతో తిప్పితే ముక్కలై ఎగురుతుంది, మనిషి ప్రాణం మీదికొస్తుంది.

ఒకరోజు మందం కొలిచే మైక్రోమీటరు నా చేతికిచ్చి, "చూడరా, ఇంకెంత తియ్యాలి?" అన్నాడు. చూశాను. ఇంకో అర థౌ అన్నాను. తీశాడు. భోజనం చేసొచ్చి మళ్ళీ కొలిస్తే కావలసినదానికంటే అర థౌ తక్కువుంది. నేను కొలిచింది రాయి కిందనుంచి అప్పుడే వచ్చిన వేడి ఇనుమునని నాకు తట్టలేదు. ఉక్కు వేడికి పెరుగుతుంది. వంద మిల్లీమీటర్ల ఉక్కు ఒక్క డిగ్రీ వేడికి ఒక మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, పైచిలుకు పెరుగుతుంది. ప్రపంచమంతా కొలతలకి 20 డిగ్రీల సెల్సియస్‌ని ప్రామాణికంగా పెట్టుకుంది అందుకే. పాలకొల్లులో మే నెలలో 20 డిగ్రీలు ఎక్కణ్ణుంచి వస్తాయి? మామయ్య లెక్క వేరు. "మైక్రోమీటరూ షాఫ్టూ రెండూ ఒకే నీడలో గంటసేపు కూర్చుంటే చాలురా, గొడవ లేదు" అనేవాడు. రెండూ ఉక్కే కాబట్టి పెరిగితే రెండూ కలిసే పెరుగుతాయి. చదువు తక్కువైనా ఆయన సైన్సు తప్పు కాదు.

ఆ మైక్రోమీటరు మీద బ్రౌన్ అండ్ షార్ప్ అని చెక్కి ఉండేది. మామయ్య దాన్ని ఫ్లానెల్ గుడ్డలో చుట్టి బీరువాలో, డబ్బుల పెట్టె పక్కన పెట్టేవాడు. ఆ పేరు వెంట పడితే నాకు దొరికిన కథే ఇవాళ మీకు చెబుదామనుకున్నది.

అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రం, ప్రావిడెన్స్ ఊరు. 1833లో డేవిడ్ బ్రౌన్, ఆయన కొడుకు జోసెఫ్ బ్రౌన్ కలిసి ఒక చిన్న కొట్టు పెట్టారు. చేసేది గడియారాల పని, రిపేర్లు. గడియారం బాగుచేసేవాడికి పళ్ళచక్రంలో పళ్ళు సమానంగా ఉండాలి, గీతకీ గీతకీ మధ్య దూరం ఒక్కటే అయి ఉండాలి. జోసెఫ్‌కి ఆ పిచ్చి పట్టుకుంది. స్కేళ్ళ మీద గీతలు వాటంతటవే సమానంగా గీసే యంత్రం చేశాడు. 1851లో పనివాళ్ళు కొనుక్కోగలిగే వెర్నియర్ కాలిపర్ తెచ్చాడు, అంటే జారే దవడల మధ్య వస్తువుని పట్టి సన్నగా కొలిచే స్కేలు. అదే సమయంలో ఇక్కడ ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పూర్తి కావస్తోంది. 1847లో మొదలైన ఆ పనికోసం అక్కడే వర్క్‌షాపులు పెట్టారు. మన డెల్టాకి ఇనప పని అలవాటు ఈనాటిది కాదని చెప్పడానికే ఈ ముక్క.

1853లో లూషియన్ షార్ప్ భాగస్తుడయ్యాడు. ఆయన అంతకుముందు అదే కొట్లో పని నేర్చుకోవడానికి చేరిన కుర్రాడు. ఇంతవరకూ ఆ కొట్టుకీ గ్రైండింగ్ మిషన్‌కీ సంబంధమే లేదు. సంబంధం కలిపింది కుట్టుమిషను. 1858లో విల్‌కాక్స్ అండ్ గిబ్స్ కంపెనీ కుట్టుమిషన్లు తయారుచేసే పని వీళ్ళకి అప్పజెప్పింది. మీ ఇంట్లో మిషనుంటే ఒకసారి చూడండి, సూదిని పట్టుకుని పైకీ కిందకీ ఆడే సన్నటి కడ్డీ ఉంటుంది. నిమిషానికి వందలసార్లు ఆడాలి, వదులు కాకూడదు, బిగుసుకోకూడదు. అరక్కుండా ఉండాలంటే దాన్ని కాల్చి గట్టిపరచాలి. చిక్కంతా అక్కడే. గట్టిపడ్డ ఉక్కుని లేతు, అంటే పనిని తిప్పుతూ చెక్కే మిషన్, దాని పనిముట్టు కొయ్యలేదు, పైగా కాల్చినప్పుడు కడ్డీ కొంచెం వంకర తిరుగుతుంది. ఆ వంకర తియ్యగలిగింది రాయి ఒక్కటే.

మొదట లేతు మీదే రాయి కట్టి తిప్పారు. రాయి పొడి లేతు జారే చోట పడి లేతునే తినేసేది. అలా ఏళ్ళ తరబడి విసిగి విసిగి జోసెఫ్ బ్రౌన్ గ్రైండింగ్ కోసమే ఒక మిషన్ గీశాడు. పని పట్టుకున్న బల్ల రాయి ముందు అటూ ఇటూ కదులుతుంది, కావాలంటే కొంచెం వాలుగా తిప్పుకోవచ్చు. ఆ యూనివర్సల్ గ్రైండింగ్ మిషన్ లోకంలోకి వచ్చిన 1876లోనే ఆయన పోయాడు. అదెక్కడిదాకా వెళ్ళిందో చూసుకునే భాగ్యం ఆయనకి దక్కలేదు.

అక్కణ్ణుంచి షార్ప్ కుటుంబం నడిపింది. కొడుకు, తర్వాత మనవడు. కంపెనీ బాగా పెరిగింది. అయినా ఒక పొరపాటు జరిగిందని నాకనిపిస్తుంది. వాళ్ళ దగ్గరే పనిచేసిన చార్లెస్ నార్టన్ అనే ఇంజనీరు, రాయి ఇంకా వెడల్పుగా, మిషన్ ఇంకా బరువుగా ఉంటే ఆఖరి నున్నదనానికే కాదు, అసలు పనికే రాయిని వాడొచ్చన్నాడు. అక్కడ ఆ మాట చెల్లలేదు. ఆయన వెళ్ళిపోయి 1900లో వూస్టర్‌లో వేరే కంపెనీ పెట్టించుకున్నాడు. మోటారుకార్ల క్రాంక్ షాఫ్టు పూర్తి చెయ్యడానికి ఐదు గంటలు పట్టేది, ఆయన మిషన్ మీద పావుగంటలో అయ్యేదని చెబుతారు. మా మామయ్య మిషన్ ఆ మిషన్‌కి మునిమనవడు లాంటిది.

బ్రౌన్ అండ్ షార్ప్ వాళ్ళ మిషన్ల వ్యాపారం కాలక్రమంలో పోయింది. 2001లో స్వీడన్‌కి చెందిన హెక్సగాన్ కొనుక్కుంది, అదీ కొలత పరికరాల కోసం. మొదట పుట్టిన కాలిపరే చివరికి ఆ పేరుని మోస్తోంది.

ఇప్పుడు షాపు మా బావ చూస్తున్నాడు. డిజిటల్ మైక్రోమీటరు వచ్చింది. ఇప్పుడొచ్చే బేరాలు ఎక్కువగా రొయ్యల చెరువులవి. కరెంటు పోతే జనరేటరు తిరగాలి, లేకపోతే చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగి తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. మొన్న నేను వెళ్ళేసరికి రాత్రి తొమ్మిదయింది. యలమంచిలి వైపు రైతు ఒకాయన జనరేటరు క్రాంక్ పట్టుకొచ్చి బల్ల దగ్గరే నిలబడ్డాడు. రాయి ఆగింది, షాఫ్టు మెరుస్తోంది.

"అయిపోయినట్టేగా, కొలిచిచ్చెయ్యి బాబూ. రెండు జనరేటర్లలో ఒకటే మిగిలిందండి, ఒకటే టెన్షన్‌గా ఉంది."

బావ మైక్రోమీటరు తీసి షాఫ్టు పక్కనే బల్ల మీద పెట్టాడు. కుర్చీ లాగి ఆయనకి వేశాడు.

"ఆయ్, కూర్చోండి బాబాయ్. టీ చెబుతాను. ముందు చల్లారనివ్వండి."