ఎవరెస్ట్ మీద మోత ఎవరిది

సభకు నమస్కారం. పర్వతారోహణలో శిక్షణ పొందుతున్న యువతీ యువకులూ, వారి తల్లిదండ్రులూ ఇక్కడ ఎక్కువగా ఉన్నారు కాబట్టి, ఎవరెస్ట్ గొప్పతనం గురించి కాక, మనల్ని అక్కడికి చేర్చే ఏర్పాటు గురించి మాట్లాడతాను. ఒక సంస్థకు డబ్బు కట్టి, గైడ్ల వెంట ఎనిమిది వేల మీటర్ల శిఖరం ఎక్కడం ఇవాళ మామూలు సంగతి అయింది. ఆ డబ్బుతో మన ప్రమాదం తగ్గుతుందన్నది నిజమే. అయితే తగ్గిన దానిలో కొంత ఎక్కడికీ పోదు, మరొకరి నెత్తికి మారుతుంది. నేను చెప్పదలచుకున్నది ఈ మార్పిడి గురించే.

1953 మే 29న టెన్జింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ శిఖరం చేరిన కాలంలో బృందాలు దేశాల పేరుతో వెళ్లేవి. 1985లో టెక్సస్ వ్యాపారి డిక్ బాస్ 55 ఏళ్ల వయసులో, డేవిడ్ బ్రీషియర్స్ తోడుగా ఎవరెస్ట్ ఎక్కడంతో, స్తోమత ఉన్న ఔత్సాహికుడికి కూడా ఇది అందేదేనని తేలింది. 1992లో రాబ్ హాల్, గ్యారీ బాల్ నడిపిన న్యూజిలాండ్ సంస్థ ఆరుగురు క్లయింట్లను శిఖరానికి చేర్చాక అది వ్యాపారంగా స్థిరపడింది. ఒకప్పుడు విదేశీయుల చేతుల్లో ఉన్న ఆ వ్యాపారంలో ఇప్పుడు నేపాలీ సంస్థలదే పెద్ద వాటా, ఇది ఆలస్యంగానైనా జరగవలసిన మార్పేనని నా అభిప్రాయం.

నేపాల్ వైపు బేస్ క్యాంప్ 5,364 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని నెత్తినే ఖుంబు ఐస్‌ఫాల్. నిటారు వాలు మీదుగా దిగే హిమానీనదం అక్కడ ముక్కలు చెక్కలై, ఇళ్లంత ఎత్తు మంచు దిమ్మెలుగా, వాటి నడుమ అగాధాలుగా విడిపోయి, నిత్యం కదులుతూ ఉంటుంది. ఏటా సీజన్ మొదట్లో ‘ఐస్‌ఫాల్ డాక్టర్లు’ అని పేరుబడ్డ షెర్పాలు ఆ అగాధాల మీద అల్యూమినియం నిచ్చెనలు పరిచి, తాళ్లు బిగించి దారి వేస్తారు, దిమ్మె కూలినప్పుడల్లా మళ్లీ వెళ్లి సరిచేస్తారు. బూట్లకు కట్టిన క్రాంపాన్ల ఉక్కు పళ్లను నిచ్చెన మెట్ల మీద కుదురుగా ఆనించి, రెండు వైపులా తాడు పట్టుకుని, కింద ఏముందో చూడకుండా అడుగు వేయాలి. ఎండ తగిలితే మంచు వదులవుతుంది కాబట్టి ఈ నడక అర్ధరాత్రి దాటాక, తలకు కట్టుకున్న లైటు వెలుగులో మొదలవుతుంది.

ఇక్కడ లెక్క ఎలా మారిందో గమనించండి. క్లయింట్లు ఐస్‌ఫాల్‌ను వీలైనంత తక్కువసార్లు దాటేలా, పక్కనున్న లొబూచే లాంటి ఆరు వేల మీటర్ల శిఖరం మీద ముందుగా ఎత్తుకు అలవాటు చేయించడం చాలా సంస్థలు మొదలుపెట్టాయి. ఇది తెలివైన పనే. కానీ ఐస్‌ఫాల్‌కు పైన ఉండే రెండో క్యాంపులోని వంట గుడారం, గ్యాస్, ఆహారం, పై క్యాంపులకు వెళ్లవలసిన ఆక్సిజన్ సిలిండర్లు మాత్రం తగ్గలేదు, సౌకర్యాలు పెరిగిన కొద్దీ అవి కూడా పెరిగాయి. క్లయింట్ ఒకటి రెండుసార్లు దాటే చోటును, అతని కోసం మోసేవారు ఒకే సీజన్‌లో అంతకు ఎన్నో రెట్లు దాటవలసి వస్తుంది.

2014 ఏప్రిల్ 18 ఉదయం మంచు చరియ విరిగిపడి ఆ దారిలో 16 మంది చనిపోయారు. అందరూ నేపాలీ కార్మికులే, ఒక్క క్లయింట్ కూడా లేడు. ప్రభుత్వం తొలుత ఒక్కో కుటుంబానికి ప్రకటించింది 40 వేల నేపాలీ రూపాయలు. షెర్పాలు ఆగ్రహించి పని మానేయడంతో నేపాల్ వైపు ఆ సీజన్ దాదాపుగా ఆగిపోయింది, ఆ తర్వాతే తప్పనిసరి బీమా మొత్తం పది లక్షల నుంచి పదిహేను లక్షల నేపాలీ రూపాయలకు పెరిగింది. సరిగ్గా ఆ ఏడాదే, మే 25న, నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. పదహారేళ్లలోపు వారికి నేపాల్ అనుమతి ఇవ్వదు. ఆ విజయం మనందరికీ గుర్తుంది, గుర్తుండవలసిందే. అదే సీజన్‌లో పర్వతానికి అవతలి వైపు పోయిన ఆ పదహారు మంది మాట మాత్రం మన సన్మాన సభల్లో వినిపించదు.

ఇక ఆక్సిజన్. శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉండే దానిలో మూడో వంతే. నాలుగు లీటర్ల సిలిండర్‌లో ఆక్సిజన్‌ను ఎంతో ఒత్తిడితో కుక్కి నింపుతారు కాబట్టి, అది నిండుగా ఉంటే నిమిషానికి రెండు లీటర్ల చొప్పున సుమారు పది గంటలు వస్తుంది. సుమారు 8,400 మీటర్ల దగ్గర ‘బాల్కనీ’ అనే చదునైన చోట సిలిండర్ మారుస్తారు. క్లయింట్ మంచులో కూలబడి ఉంటే, షెర్పా తన పై గ్లవ్స్ తీసి, గడ్డకట్టిన రెగ్యులేటర్ విప్పి కొత్త సిలిండర్‌కు బిగిస్తాడు. ఆ కొద్ది నిమిషాలు చలికి తెరుచుకున్నవి అతని వేళ్లు, క్లయింట్‌వి కావు.

అన్నిటికన్నా కష్టమైన పని వెనక్కి తిప్పడం. 1996 మే 10న, వెనక్కి తిరగవలసిన వేళ అయిన మధ్యాహ్నం రెండు గంటలు దాటాక కూడా కొందరు పైకే నడిచారు. తుఫాను కమ్ముకుని ఎనిమిది మంది చనిపోగా, వారిలో రెండు వాణిజ్య బృందాల నాయకులు రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ కూడా ఉన్నారు. హాల్ కదలలేని తన క్లయింట్‌ను వదలలేక పైనే ఉండిపోయాడు. అప్పులు చేసి, దాతల్ని అడిగి, ఊరంతా ఫ్లెక్సీలు కట్టించి వచ్చిన మనిషికి “ఇక చాలు, దిగుదాం” అని చెప్పడం గైడ్‌కు ఎంత కష్టమో ఊహించండి. క్లయింట్ శిఖరం చేరితేనే బోనస్ దక్కే గైడ్‌కు ఆ మాట మరింత బరువు. అందుకే సంస్థను ఎంచుకునేటప్పుడు ఎంతమందిని ఎక్కించారని కాదు, ఎవరిని ఎందుకు వెనక్కి తెచ్చారని అడగండి. దిగివచ్చిన గైడ్‌కు బోనస్ కోత పడుతుందా అని కూడా అడగండి. జవాబు తడబడితే ఆ సంస్థ మీకు వద్దు.

2024 ఏప్రిల్‌లో బేస్ క్యాంప్ నుంచి మొదటి క్యాంపుకు డ్రోన్‌తో సిలిండర్లు పంపి, తిరుగు ప్రయాణంలో చెత్త దించే ప్రయోగం జరిగింది. షెర్పాలు గంటల తరబడి మోసే దారిని డ్రోన్ నిమిషాల్లో దాటింది. ఐస్‌ఫాల్ దాటడాలు తగ్గితే మంచిదే, కానీ మోతను బట్టి అదనంగా డబ్బు అందుకునే వారికి ఆ మోతే లేకపోతే సీజన్ ఆదాయం ఎలా అన్నది ఇంకా తేలవలసిన సంగతి. సంస్థతో ఒప్పందం కుదుర్చుకునే ముందు, మీ సామానులో ఎంత డ్రోన్ మీద వెళ్తుందో, ఆ మేరకు మనిషికి తగ్గే కూలి ఎవరు భర్తీ చేస్తారో కూడా రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.