ఆదాయపు పన్ను తగ్గింపు: ఆ లోటు ఏ పద్దులో పడుతుంది?

సభాసదులందరికీ నమస్కారం.

ఆదాయపు పన్ను తగ్గించాలా వద్దా అన్న వాదనలోకి నేను వెళ్లదలచుకోలేదు. తగ్గించడానికి న్యాయమైన కారణాలు ఉంటాయి. ధరలతోపాటు జీతాలు పెరిగి, శ్లాబులు మాత్రం ఉన్నచోటే ఉండిపోతే, చట్టసభలో ఒక్క ఓటు పడకుండానే పన్ను భారం పెరుగుతుంది. దాన్ని సరిచేయడం ప్రభుత్వం చూపే దయ కాదు, తీర్చవలసిన బాకీ. నేను అడిగేది ఒక్కటే: తగ్గిన రాబడిని ఎక్కడి నుంచి పూడుస్తారో అదే బిల్లులో చెబుతున్నారా?

చెప్పకపోతే ఏమవుతుందో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం చూపించింది. 2012లో గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ సంతకం చేసిన చట్టం గరిష్ఠ రేటును 6.45 నుంచి 4.9 శాతానికి దించడంతో ఆగకుండా, ఎల్‌ఎల్‌సీల (యజమాని బాధ్యత పరిమితంగా ఉండే కంపెనీల) వంటి సంస్థల ద్వారా యజమానులకు వచ్చే వ్యాపార లాభంపై రాష్ట్ర ఆదాయపు పన్నును పూర్తిగా ఎత్తివేసింది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒకే గదిలో ఇద్దరు ఒకే పని చేస్తున్నారనుకుందాం. ఒకరు జీతం తీసుకుని పన్ను కడతారు. రెండోవారు అదే సొమ్మును తన ఎల్‌ఎల్‌సీ పేరిట వసూలు చేసుకుని, దానిపై రాష్ట్రానికి ఏమీ కట్టరు. దీనివల్ల కొత్త పని పుట్టదు, పాత పనికి కొత్త పేరు మాత్రమే వస్తుంది.

ఆశించిన వృద్ధి రాలేదు, రాబడి పడిపోయింది, 2014లో రాష్ట్ర క్రెడిట్ రేటింగ్ తగ్గింది. రహదారుల నిధిని పదే పదే సాధారణ ఖజానాకు మళ్లించడంతో రవాణా శాఖకు ‘బ్యాంక్ ఆఫ్ కేడాట్’ అన్న ఎగతాళి పేరు స్థిరపడింది (కేడాట్ అంటే ఆ శాఖ ఆంగ్ల పేరుకు పొట్టి రూపం). 2015లో కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు (స్థానిక పాఠశాలలను నడిపే పాలనా విభాగాలు) నిధులు చాలక విద్యా సంవత్సరాన్ని గడువుకు ముందే ముగించాయి. అదే ఏడాది అమ్మకపు పన్నును 6.15 నుంచి 6.5 శాతానికి పెంచారు; ఆ పన్ను ఆహార సరుకులకూ వర్తించేది. అంటే పైవారికి ఇచ్చిన రాయితీలో కొంత భాగాన్ని కిందివారి బియ్యం, పాల మీద రాబట్టుకున్నారన్నమాట. చివరకు 2017 జూన్‌లో గవర్నర్ వీటోను కూడా తోసిపుచ్చి, శాసనసభ్యులు ఆ రాయితీలలో అధిక భాగాన్ని రద్దు చేశారు. ఓటు వేసినవారిలో ఆయన సొంత పార్టీ వారు కూడా ఉన్నారు.

బ్రిటన్‌లో ఇంత కాలం పట్టలేదు. 2022 సెప్టెంబరు 23న, ఖజానా లెక్కలు చూసే స్వతంత్ర సంస్థ అంచనాలేవీ ప్రచురించకుండానే ప్రభుత్వం భారీ పన్ను రాయితీలు ప్రకటిస్తే, అయిదు రోజులకే ఆ దేశ కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రభుత్వ బాండ్ల మార్కెట్‌లో జోక్యం చేసుకోవలసి వచ్చింది.

రాయితీ వచ్చే నెల జీతంలోనే కనిపిస్తుంది. దాని మూల్యం అంత త్వరగా కనిపించదు. వడ్డీలు, పింఛన్లు, జీతాలు ఆపడం కష్టం కనుక కోత ముందుగా మరమ్మతుల మీద, కొత్త నియామకాల మీద పడుతుంది. వాయిదా వేసిన వంతెన మరమ్మతుకు ఆ ఏడాది ఎవరూ ధర్నా చేయరు. ఆర్థిక మంత్రులకు ఇది బాగా తెలుసు.

అందుకే శ్లాబులను ఏటా ధరల సూచీతో ముడిపెట్టాలని, అంతకు మించిన తగ్గింపులను విడతలుగా, ఖజానాకు నిజంగా చేరిన రాబడిని బట్టి అమలు చేయాలని నా ప్రతిపాదన. ఆ రాబడిని కూడా ఒక మంచి సంవత్సరాన్ని చూసి కాక, కొన్నేళ్ల సగటును చూసి లెక్కించాలి. ఏ విడతకు ఏ సేవలో ఎంత కోత పడుతుందో బిల్లుతోపాటే సభ ముందు పెట్టాలి.