నాలుక పలికేదంతా భాషేనా?

సభకు నమస్కారం.

కొందరు క్రైస్తవులు ప్రార్థనలో నేర్చుకోకుండానే పలికే, తమకే అర్థం కాని మాటలను అన్యభాషలు అంటారు. ఈ గదిలో అలా అన్యభాషలతో ప్రార్థించేవారు ఉన్నారు. అదంతా వట్టి శబ్దమని కొట్టిపారేసేవారూ ఉన్నారు. ఇరుపక్షాలకూ నచ్చేలా మాట్లాడి తప్పించుకోవాలని నాకు లేదు. భాషాశాస్త్రం చదువుకున్న మనిషిగా నా జవాబు ముందే చెప్పేస్తాను. ఈనాటి ప్రార్థన కూటాల్లో వినిపించే అన్యభాషలు భాషలు కావు. అవి ప్రార్థన కాదని మాత్రం నేను అనను. ఆ మాట అనే అధికారం భాషాశాస్త్రానికి లేదు. ఈ రెండింటినీ ఒకే ముడి వేసినందువల్ల ఎంతోమంది నలిగిపోయారు. అందుకే మాట్లాడడానికి ఒప్పుకున్నాను.

కొన్నేళ్ల కిందట నా స్నేహితురాలు ఒకరు తన ప్రార్థనను రికార్డు చేసుకోనిచ్చారు. మొత్తం నాలుగు నిమిషాలు. దాన్ని అక్షరం అక్షరంగా కాగితం మీద పెట్టడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ర, ల, బ, క, ష, స... ఈ కొద్ది హల్లులే తిరిగి తిరిగి వచ్చాయి. దాదాపు ప్రతి హల్లు వెంటా ఒక అచ్చు, ఎక్కువసార్లు 'ఆ'. ఆమె మాతృభాష తెలుగు. తెలుగులో లేని ధ్వని ఆ నాలుగు నిమిషాల్లో ఒక్కటీ లేదు. ళ, ణ వంటి తెలుగు ధ్వనులు కూడా కొన్ని రాలేదు. అంటే మాతృభాష కంటే ఇరుకైన ధ్వనుల గుంపు అది. 'షరబా' అనే ముక్క చాలాసార్లు వచ్చింది, కానీ దాని ముందూ వెనకా వచ్చేవాటిలో ఏ పద్ధతీ నాకు దొరకలేదు.

పద్ధతి అంటే ఏమిటో చెబుతాను. 'వచ్చాడు, వచ్చింది, వచ్చారు' అనే మాటలు చూడండి. వాటి పక్కన 'వెళ్లాడు, వెళ్లింది, వెళ్లారు' పెట్టండి. మొదళ్లు వేరు, చివరలు అవే. తెలుగు ఒక్క ముక్క రానివారు కూడా తగినంత సేపు వింటే ఈ అతుకును పసిగట్టగలరు.

"మీకు తెలియని భాషను భాష కాదని ఎలా అంటారు?" అని నన్ను చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. క్రీట్ ద్వీపంలో దొరికిన మట్టి పలకల సంగతి వినండి. వాటి మీద ఉన్నది లీనియర్ బి లిపి. 1940లలో ఆలిస్ కోబర్ అనే పండితురాలు ఆ పలకల రాతలతో కుస్తీ పట్టేనాటికి ఆ లిపి చదవడం ఎవరికీ రాదు. అది ఏ భాషో కూడా తెలియదు. అయినా ఒకే మొదలుకు వేరువేరు చివరలు తగులుకున్న మాటలను ఓపికగా ఏరి, ఈ భాషలో మాట చివర మారుతూ పోతుందని ఆమె చూపించారు. 1952లో మైకేల్ వెంట్రిస్ అది ప్రాచీన గ్రీకు అని తేల్చడానికి ఆ పని దారి వేసింది. పాపం, ఆ రోజు చూడడానికి ఆమె లేరు, 1950లోనే కన్నుమూశారు. అర్థం ఒక్క ముక్కైనా తెలియకుండానే భాష అల్లిక బయటపడింది. అలాంటి అల్లిక కోసమే నేను ఆ రెండు సాయంత్రాలూ వెతికాను.

నేను ఒక్క రికార్డుతో చేసిన పనిని విలియం సామరిన్ అనే భాషావేత్త ఏళ్ల తరబడి చేశారు. ఇటలీ, నెదర్లాండ్స్, జమైకా, కెనడా, అమెరికాల్లో ప్రార్థన కూటాలకు వెళ్లి విన్నారు, 1972లో పుస్తకం రాశారు. ఆయన తేల్చినది ఇది: మనిషి తనకు తెలిసిన ధ్వనులనే తీసుకుని ఇష్టం వచ్చినట్టు కూరుస్తాడు. లయ, స్వరం మాత్రం నిజమైన మాటలవే కాబట్టి అవి పదాల్లా, వాక్యాల్లా వినిపిస్తాయి. అయితే ఇది మానసిక రోగమన్న వాదాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఆ మాట కూడా చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టే.

ఇది దేవదూతల భాష అనేవారున్నారు. దేవదూతల భాషను పరీక్షించే సాధనం నా దగ్గర లేదు. కానీ ఆ భాష ఒకటే అయితే, పలికే మనిషి మాతృభాషను బట్టి దాని ధ్వనులు ఎందుకు మారతాయి?

ఇక బైబిల్ ఏమంటుందో చూద్దాం. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో జరిగింది వేరు. యేసు శిష్యులు మాట్లాడుతుంటే పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు వంటి వేరువేరు జాతులవారు ఎవరి భాషలో వారు విన్నారు, అర్థం చేసుకున్నారు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి లేఖ పద్నాలుగో అధ్యాయంలో పరిస్థితి అది కాదు. అక్కడ అన్యభాషతో మాట్లాడేవాడు మనుషులతో కాదు, దేవునితో మాట్లాడతాడు. వినేవారికి అర్థం కాదు. అలా ప్రార్థించేటప్పుడు తన ఆత్మ ప్రార్థిస్తుంది గాని మనసుకు ఫలం ఉండదని పౌలే అంటాడు. ఈ రెండు అధ్యాయాలనూ ఒకటిగా చదివితే ఏమవుతుందో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెలిసింది.

1901 జనవరి 1న అమెరికాలోని టొపీకాలో, చార్లెస్ పార్హమ్ అనే బోధకుడు నడిపిన బైబిల్ పాఠశాలలో ఆగ్నెస్ ఓజ్మన్ అన్యభాషలో ప్రార్థించారు. అది చైనా భాష అనుకున్నారు. ఇక మిషనరీలు భాషలు నేర్చుకోనక్కరలేదని పార్హమ్ నమ్మారు. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధి ప్రార్థన కూటాల్లో ఆల్ఫ్రెడ్ గార్ అనే పాస్టర్‌కు అలాంటి అనుభవమే కలిగింది. తనకు వచ్చింది బెంగాలీ అని నమ్మి, భార్యతో కలిసి కలకత్తాకు ఓడ ఎక్కారు. అక్కడ ఎవరికీ ఒక్క మాటా అర్థం కాలేదు. ఆ రేవులో దిగిన మనిషిని తలచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. అయినా ఆయన అబద్ధం చెప్పలేదు. ఇలా వచ్చిన భాషతో ఎదుటివారితో మాట్లాడగలిగిన వారెవరినీ తాను చూడలేదని ఒప్పుకున్నారు. తర్వాత హాంకాంగ్ వెళ్లి చైనా భాషను అందరిలాగే కూర్చుని నేర్చుకోవడం మొదలుపెట్టారు. అన్యభాషలతో ప్రార్థించడం మాత్రం మానలేదు. భాష కాదని తేలాక కూడా ఆయనకు అది ప్రార్థనగానే మిగిలింది. నేను చెప్పదలచుకున్నది ఆయన జీవితంలోనే ఉంది.

2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ న్యూబర్గ్ బృందం ఐదుగురు స్త్రీల మెదళ్లను పరిశీలించింది. భక్తి గీతాలు పాడుతున్నప్పటి కంటే అన్యభాషలతో ప్రార్థిస్తున్నప్పుడు మెదడు ముందుభాగంలో చురుకు తగ్గింది. మన చేతలను మన అదుపులో ఉంచే భాగం అది. ఐదుగురిని చూసి ప్రపంచం గురించి తీర్పు చెప్పలేం. కానీ తాము అదుపు వదిలేస్తున్నామని వారు చెప్పే మాటకు ఇది దగ్గరగానే ఉంది.

నా స్నేహితురాలి రికార్డుకు మళ్లీ వస్తాను. అక్షరాలు పక్కన పెట్టి రాగం ఒక్కటే విన్నాను. మొదటి నిమిషంలో స్వరం కిందే తచ్చాడింది. మూడో నిమిషంలో పైకి లేచి ఒకే ముక్క దగ్గర ఆగి, అదే మళ్లీ మళ్లీ అడిగినట్టు పలికింది. చివర ఊపిరి వదిలినట్టు దిగిపోయింది. తర్వాత అడిగితే, ఆ రోజు చెల్లెలి జబ్బు కోసం ప్రార్థించానని చెప్పారు. ఆలాపనలో పదాలుండవు, అయినా దుఃఖం తెలుస్తుంది. ఇక్కడా అంతే.

భాష కాదన్నందుకు ఆవిడ నొచ్చుకోలేదు. నలిగిపోయింది నాకు తెలిసిన ఒక అబ్బాయి, అదీ వేరే కారణంతో. పద్దెనిమిదేళ్లప్పుడు ఒక కూటంలో అతని చుట్టూ చేరి, ఈ అక్షరాలు త్వరత్వరగా పలుకు, భాష దానంతటదే వస్తుందని తొందరపెట్టారు. రాలేదు. పక్కవారిని అనుకరించి పలికాడు, అందరూ స్తోత్రం అన్నారు. దేవుడి ఎదుట నటించానన్న అపరాధ భావం అతన్ని ఏళ్లపాటు వదల్లేదు. అతనికి నేను చూపించింది భాషాశాస్త్రం కాదు, కొరింథీయులకు పౌలు రాసిన ఆ లేఖలోనే పన్నెండో అధ్యాయం. "అందరూ భాషలతో మాట్లాడుతున్నారా?" అని పౌలు అక్కడ అడుగుతాడు. లేదన్న జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. అతను ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, ఇది ఆ రోజు నాకెవరూ ఎందుకు చూపించలేదని అడిగాడు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.