మాహే ట్రిప్: ఏ నెలలో వెళ్ళాలి, కొండకి ఏ పక్క దిగాలి

సంక్రాంతి సెలవులకి హిందూ మహాసముద్రంలోని దీవుల దేశం సీషెల్స్ వెళ్తాం, ప్లాన్ చెప్పన్నా అని మన నెల్లూరు వాళ్ళే చాలామంది అడుగుతున్నారు. సూటిగా చెప్తా వినండి, సంక్రాంతికి వద్దు. డిసెంబరు, జనవరి అక్కడ వానలు బాగా పడే నెలలు, అంత డబ్బు పెట్టి పోయి రూములో కూర్చోవాల్సి రావచ్చు. పిల్లలకి ఎండాకాలం సెలవులిచ్చే ఏప్రిల్ చివర్లో పెట్టుకోండి. అప్పటికి వాయవ్యపు గాలి తగ్గి, మే నుంచి సెప్టెంబరు దాకా కొట్టే ఆగ్నేయపు గాలి ఇంకా అందుకోదు, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. మైపాడు ఒడ్డున పెరిగినవాళ్ళకి గాలి మారితే అల ఎట్లా మారుద్దో నేను చెప్పక్కర్లేదు.

ఈ మాహే కేరళ పక్కనున్న మాహే కాదు, సీషెల్స్‌లోని పెద్ద ద్వీపం. పెద్దదంటే పొడవు దాదాపు 27 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువలో ఎక్కువ 8, అంతే. కానీ ఆ కాస్త జాగాలోనే 905 మీటర్ల కొండ లేచి ఉంది, మోర్న్ సెషెల్వా అంటారు. అందుకే మ్యాప్‌లో కిలోమీటర్లు చూసి టైం లెక్కేయొద్దు. గూడూరు హైవే మీద వేసే లెక్క అక్కడ చెల్లదు, రోడ్లు సన్నం, మలుపుల మీద మలుపులు, చాలాచోట్ల బండి పక్కకి తీయడానికి చోటుండదు. మనలాగే ఎడమవైపు నడుపుతారు, అదొక్కటే ఊరట.

హోటల్ ముందు బుక్ చేసేసి తర్వాత ఆలోచించడం కాదు, ఏ నెలో చూసి కొండకి ఏ పక్క దిగాలో తేల్చుకోండి. ఆగ్నేయపు గాలి నెలల్లో వాయవ్యాన ఉన్న బో వల్లోన్ బీచ్ మేలు, కొండ అడ్డం ఉంటుంది కాబట్టి. వాయవ్యపు గాలి నెలలైతే కొండకి అవతల, ఆగ్నేయాన ఉన్న ఆన్స్ రోయాల్ బీచ్ మేలు. పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే ఇది మరీ ముఖ్యం.

మనవాళ్ళకి వీసా టెన్షన్ లేదు, కానీ బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి, రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ చూపాలి. చెన్నై నుంచి ముంబై పోయి అక్కడ మాహే ఫ్లైట్ ఎక్కొచ్చు. అది ఏ రోజుల్లో ఉందో చూసుకున్నాకే లీవ్ పెట్టండి.

ఒక్క పూట మాత్రం కొండకి ఇవ్వండి, బతిమాలి చెప్తున్నా. సాన్ సూసీ రోడ్డు నుంచి కొపోలియా అనే ఇంకో కొండ మీదికి కాలిదారి ఉంది, పైన గ్రానైట్ బండలు, వాటి మధ్య పురుగుల్ని పట్టి తినే కూజా మొక్కలు, ఆ రకం సీషెల్స్‌లో తప్ప ఎక్కడా పెరగదు. పొద్దున్నే ఎక్కండి, పట్టున్న బూట్లు వేసుకోండి. వాన పడితే మాత్రం ఆ రోజుకి మానుకోండి, తడి బండ మీద కాలు నిలవదు.